బాడుగ సైకిల్ 27: మిద్దె మీద ఓవరాయిలింగ్ డైరీ

జూన్ నడిమిలో

తిరుపతిలో తిరుచానూరు రోడ్డులో పాత ఇనుము అంగడి. అక్కడ ఈ పాత సైకిలును ఇనుము రేటుకే ఇచ్చారు, పైన ఒక వంద అదనం. చేతికి ఏమేం వచ్చాయో ముందు రాసి పెడతాను.

ఫ్రేము 22 అంగుళాల జెంట్స్‌ది. నూలు దారం కట్టి చూశాను. హెడ్డు గొట్టం నుంచి వెనక ఇరుసు కూర్చునే కొక్కేల దాకా రెండు పక్కలా దారం లాగితే సీటు గొట్టానికి ఎడం ఇటూ అటూ ఒకటే వచ్చింది. అంటే ఫ్రేము వంకర పోలేదు, మిగతాదంతా బాగుచేసుకోవచ్చు. చక్రాలు 28 x 1½. కడ్డీ బ్రేకుల్లో వెనకది ఒక కడ్డీ లేదు. సీటు తోలుది, స్ప్రింగులు గట్టిగానే ఉన్నాయి. గొలుసు కట్టెలా బిగుసుకుపోయింది. గొలుసు కవరు, క్యారియర్, డైనమో ఏవీ లేవు. స్టాండు ఉంది, అదీ బరువైన పాత స్టాండు.

హెడ్డు గొట్టం మీద రేకు బ్యాడ్జి తుప్పులోనుంచి చదవగలిగేంత మిగిలింది. హెర్క్యులస్. బర్మింగ్‌హామ్‌లో 1910లో పుట్టిన కంపెనీ. మన వైపు తిరిగినవి మాత్రం మద్రాసు పక్కన అంబత్తూరువి. ఇంగ్లండు ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ వాళ్ళూ మురుగప్ప వాళ్ళూ కలిసి 1949లో టీఐ సైకిల్స్ పెట్టారు. రేణిగుంట, అరక్కోణం మీదుగా మద్రాసు పోయే రైలు అంబత్తూరు స్టేషను దాటుకునే పోతుంది. మన జిల్లాలో ఏ పాత ఇంటి పంచలో చూసినా హెర్క్యులస్సో, ఫిలిప్సో, బీఎస్‌ఏనో ఆనించి ఉండడానికి ఈ దగ్గరితనం కూడా కారణమేనని నా నమ్మకం.

పైన పూసింది ఆకుపచ్చ రంగు. అదీ ఇంటికి వేసే పెయింటు, బ్రష్షు గీతలు కనిపిస్తూనే ఉన్నాయి. వెనక మడ్‌గార్డు చివర బ్లేడుతో మెల్లగా గీకితే పచ్చ కింద ముదురు ఎరుపు, దాని కింద నలుపు. ఆ నలుపు మీద తెల్లటి అంకెలు బయటపడ్డాయి: 27.

కొర్లగుంటలో మా సైకిల్ అంగడి పెద్దాయనకు చూపిస్తే ఆయన నంబరు వంక కూడా చూడలేదు. సీటు గొట్టం వెనక వేలు పెట్టి తడిమాడు.

"ఏం నాయనా, బాడుగ బండి పట్టుకొచ్చినావే. ఇదో, ఈడ గూడా గుద్దినారు చూడు నంబరు. రంగు మార్చేసి అమ్ముకుంటారని గుద్దేటోళ్ళు."

గంటకింత అని సైకిళ్ళు బాడుగకు ఇచ్చే కాలంలో ప్రతి అంగడికీ ఒక నోటుబుక్కు, ప్రతి సైకిలుకూ ఒక నంబరు. క్యారియర్ లేకపోవడం కూడా అందుకేనట. డబుల్స్ ఎక్కించుకొని పోతే పోకులు (చక్రం పుల్లలు) తెగేది అంగడి వాడి సొమ్ము కదా, ముందే పీకేసేవాళ్ళు. ఇది ఊరంతా ఎక్కి తిరిగిన సైకిల్ అని తెలిశాక దీన్ని ఏం చేయాలనే దాని మీద నా మనసు కుదిరింది. అద్దాల షోరూము బొమ్మ కాకూడదు. 27 చెరగకూడదు. రోజూ తొక్కేలా ఉండాలి.

అదే వారం, క్రూయిజర్ గొడవ

మా పెద్దోడు ఇంజనీరింగ్ రెండో ఏడు. వాడికి అమెరికా క్రూయిజర్ సైకిళ్ళ పిచ్చి పట్టింది. లావు టైర్లు, వెనక్కి వంగిన హ్యాండిల్, సముద్రం ఒడ్డున మెల్లగా పోయేవి. "నాన్నా, దీనికి 26 చక్రాలేసి బెలూన్ టైర్లు తొడుగుదాం, అచ్చం ష్విన్ లాగా ఉంటాది" అని వెంటబడ్డాడు.

ష్విన్ చరిత్ర నాకూ ఇష్టమే. షికాగో కంపెనీ. 1933లో 26 x 2.125 సైజు లావు టైరు సైకిలుకు తొడిగి అమెరికాలో ఆ బండ్ల రూపాన్నే మార్చేసింది. కాకపోతే ఆ ఫ్రేము ఆ టైరు కోసం పుట్టింది, మనది మన టైరు కోసం పుట్టింది. కాగితం మీద లెక్క వేసి వాడి ముందు పెట్టాను.

మన 28 x 1½ రిమ్ము మీద టైరు కూర్చునే చోటు వ్యాసం 635 మిల్లీమీటర్లు. క్రూయిజర్ 26ది 559. తేడా 76, అంటే ఒక్కో వైపు 38. కడ్డీ బ్రేకు రబ్బర్లు రిమ్మును పక్కల నుంచి పట్టవు, ఇరుసు వైపు అంచును లోపలి నుంచి పైకి లాగి పట్టుకుంటాయి. రిమ్ము 38 మిల్లీమీటర్లు లోపలికి పోతే రబ్బర్లు ఉండాల్సిన చోట లావు టైరు వచ్చి కూర్చుంటుంది. అంటే బ్రేకులు మొత్తం మార్చాలి. ఇంకొకటి, టైరు లావు కలుపుకొన్నా చక్రం మొత్తం మీద చిన్నదే అవుతుంది కాబట్టి పెడళ్ళ ఇరుసు నేలకు సుమారు 24 మిల్లీమీటర్లు దగ్గరవుతుంది. మన వీధుల్లో ఎవరికి తోచిన ఎత్తులో వాళ్ళు కట్టుకున్న స్పీడు బ్రేకర్లు ఉన్నాయి. మలుపులో పెడల్ నేలకు తగిలితే పళ్ళు రాలతాయి. ఇక వెనక కడ్డీల మధ్య సందు 40 మిల్లీమీటర్ల టైరుకు తీసింది. క్రూయిజర్ టైరు లావు 54, అందులో దూరదు.

వాడు లెక్క చూసి, "సరే, హ్యాండిల్ ఒక్కటైనా వంచుదాం" అన్నాడు. మన బండిలాంటి రోడ్‌స్టర్ హ్యాండిల్ అసలే వెనక్కి వంగి ఉంటుంది, నడుము నిటారుగా పెట్టి తొక్కే బండే ఇది. దీన్ని క్రూయిజర్ చేయాల్సిన పనేముంది?

జూన్ ఆఖరు, విప్పడం

విప్పేటప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. కాటర్‌పిన్నుల నట్లు ఊడదీసి, డీజిలూ ఇంజన్ ఆయిలూ కలిపిన చుక్కలు పొద్దున, రాత్రి వేస్తూ వచ్చాను. కాటర్‌పిన్ను అంటే పెడల్ కట్టెను ఇరుసుకు బిగించే ఏటవాలు ముక్క. దాన్ని సుత్తితో కొట్టేటప్పుడు పెడల్ కట్టె కింద లావు ఇనుప గొట్టం ఆనించాలి. ఆ ఆసరా లేకుండా కొడితే దెబ్బంతా ఇరుసు చుట్టూ ఉండే బాల్సుల (ఉక్కు గోళీల) మీద, అవి కూర్చునే కప్పుల మీద పడుతుంది, లోపల గుంటలు పడతాయి. పెద్దాయన బోరు పైపు ముక్క ఒకటి ఇచ్చాడు. నట్టు మర చెడకుండా తిరగేసి బిగించి ఒక్కటే గట్టి దెబ్బ. మెల్లగా పది కొడితే పిన్ను తల పుట్టగొడుగులా విచ్చుకుంటుంది తప్ప కదలదు. కుడిది వచ్చేసింది. ఎడమది రాలేదు, డ్రిల్లుతో తొలిచి తీయాల్సి వచ్చింది.

తర్వాత బీబీ కప్పులు. బీబీ అంటే పెడళ్ళ ఇరుసు తిరిగే అడుగు గొట్టం. ఇక్కడ కొత్తవాళ్ళు తప్పకుండా తడబడే సంగతి ఒకటుంది. పెడళ్ళలో ఎడమది ఎడమ మర. బీబీ కప్పుల్లో మాత్రం కుడిది ఎడమ మర, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే వదులవుతుంది. ఊరికే పెట్టలేదు దీన్ని. బరువు మోస్తూ ఇరుసు తిరుగుతుంటే, దాని చుట్టూ కాస్త సందు ఉన్న మర ముక్క తిరిగే దిక్కుకు ఎదురుగా మెల్లమెల్లగా పాకుతుంది. ఆ పాకుడు బిగించే వైపు ఉండేట్టు మరలు పెట్టారు. చేతి బలంతో మామూలు వైపు తిప్పితే ఇంకా బిగుసుకుపోయి కప్పు చెవులు ఊడతాయి.

ఎడమ కప్పు తీయగానే ఇసుక. తుప్పు పొడి అనుకున్నాను ముందు, కాదు, మెరిసే సన్నటి ఏటి ఇసుక, గ్రీజుతో కలిసి గట్టిగా పేరుకొని ఉంది. వేళ్ళ మధ్య నలిపితే గరగరలాడింది. ఫ్రేమును తలకిందులు చేసి తడితే సీటు గొట్టంలో నుంచి ఇంకో గుప్పెడు రాలింది. 2021 నవంబరు వరదలో స్వర్ణముఖి ఒడ్డున మునిగినవాటిలో ఇదీ ఒకటి. అంగడి వాళ్ళను అడిగితే, ఆ వరద తర్వాత ఊడ్చి తెచ్చిన సామానులోదే అన్నారు. గొట్టాల్లో చేరిన నీరు సీటు గొట్టం మీదుగా కిందికి దిగి బీబీలో ఆగుతుంది, పోవడానికి దారి ఉండదు. అందుకే బయట రంగు బాగున్న బండ్లు కూడా ఇక్కడ కుళ్ళుతాయి. అన్నీ అయ్యాక బీబీ గొట్టం అడుగున 4 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి వేశాను. పెద్దాయనకు నచ్చలేదు, "కంపెనీ ఫ్రేముకు బొక్క పెడతారా" అని సణిగాడు.

ఇరుసు మీద బాల్సులు పరిగెత్తే చోట్ల గుంటలు. గోటితో గీస్తే తగులుతున్నాయి. అలాంటి ఇరుసుకు ఎన్ని కొత్త బాల్సులు వేసినా ఉపయోగం లేదు. కొత్త ఇరుసు, రెండు కప్పులు, ఒక్కో వైపు 11 పావు అంగుళం బాల్సులు. కొనేముందు మర చూసుకోవాలి. రాలీ సొంత బండ్లకు అంగుళానికి 26 చుట్ల మర ఉంటుంది, మనవాటికి 24. కప్పు రెండు చుట్లు ఎక్కి ఆగిపోతే బలవంతం చేయకూడదు.

జులై, తుప్పు

బాత్రూము యాసిడ్ వాడమని చాలామంది చెప్పారు. వాడను. తుప్పుతో పాటు మంచి ఇనుమునూ తినేస్తుంది, గట్టిపరచిన ఉక్కును పెళుసు చేస్తుంది. స్ప్రింగులు, గొలుసు దాని దగ్గరికి పోకూడదు. కిరాణా అంగట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. బక్కెట్టు గోరువెచ్చటి నీళ్ళకు నాలుగైదు గుప్పిళ్ళు కలిపి కడ్డీలు, నట్లు, స్టాండు రాత్రంతా నానేశాను. పొద్దునకు నీళ్ళు పచ్చగా, ఇనుము బూడిద రంగుకు తిరిగి ఉంటాయి. తీసిన వెంటనే వంట సోడా నీళ్ళలో ముంచి, తుడిచి, ఎండలో పెట్టి, నూనె గుడ్డతో రుద్దాలి. ఆలస్యం చేస్తే అరగంటలో పసుపు తుప్పు మళ్ళీ పూస్తుంది. హ్యాండిల్ మాత్రం ఆ నీళ్ళలో వేయలేదు. క్రోము పైపూత పగుళ్ళలోకి పులుపు దిగితే పొరలుగా లేస్తుంది. దానికి అన్నం పొట్లాల అల్యూమినియం రేకు ఉండచుట్టి నీళ్ళు తడిపి రుద్దితే సరిపోయింది.

మా ఆవిడ అడిగింది ఒక్కటే, "ఆ బక్కెట్టు మళ్ళీ బట్టలకు వాడాలా నేను?" కొత్తది కొనిచ్చాను.

జులై, చక్రాలు

ఈ పని మీదే ఎక్కువ కూర్చున్నాను, నచ్చింది కూడా ఇదే.

ముందు చక్రానికి 32 పోకులు, వెనక చక్రానికి 40. ఇంగ్లీషు రోడ్‌స్టర్ల పాత పద్ధతి. బరువు, తొక్కుడు బలం వెనక పడతాయని అక్కడ ఎనిమిది ఎక్కువ. అందుకే ముందు రిమ్ము వెనకకు, వెనకది ముందుకు పనికిరాదు, హబ్బుకు (చక్రం నడిమి ముక్కకు) అన్నే రంధ్రాలుంటాయి. ముందు రిమ్ము బాగుంది. వెనకది నిపుల్ (పోకును రిమ్ముకు బిగించే చిన్న నట్టు) రంధ్రాల చుట్టూ తుప్పు తిని పల్చబడింది, కొత్తది కొన్నాను. చెన్నై నుంచి తెప్పించాను, ఇక్కడ ఉన్నవన్నీ 36 రంధ్రాలవి.

పెద్దాయన తన అంగట్లో ఫోర్కు నాటిన దిమ్మె మీద కూర్చోబెట్టి నేర్పాడు. పోకులు అల్లడం కంటే బెండు తీయడం కష్టం. నిపుల్ మీద ఒక్కో చుక్క నూనె, ముందు అన్నీ సమానంగా వేళ్ళతో బిగించాలి. తర్వాత చక్రం తిప్పి, రిమ్ము పక్కన సుద్దముక్క ఆనించి పట్టుకుంటే, బయటికి ఉబ్బిన చోట గీత పడుతుంది. గీత కుడి వైపు పడితే అక్కడ ఎడమ వైపు పోకులు బిగించాలి, కుడివి అంతే వదలాలి. నిపుల్ కీ పావు చుట్టు, అంతకు మించకూడదు. ఆత్రం పడి ఒకేచోట రెండు చుట్లు తిప్పితే చక్రం పక్కకు నిటారుగా వస్తుంది కానీ పైకి కిందికి గుడ్డు ఆకారం వస్తుంది. అది తీయడం ఇంకా తలనొప్పి.

వెనక చక్రంలో ఇంకో మెలిక ఉంది. ఫ్రీవీలు (వెనక పళ్ళచక్రం) ఉన్న వైపు హబ్బు అంచు లోపలికి జరిగి ఉంటుంది కాబట్టి ఆ వైపు పోకులు నిటారుగా నిలబడతాయి, వాటి బిగువు ఎక్కువ ఉండాలి. వేలితో మీటితే కుడి వైపు పోకులు సన్నటి గొంతుతో, ఎడమవి కాస్త బొంగురుగా పలకాలి. ఒకే వైపు పోకుల్లో ఒక్కటి వేరే శ్రుతిలో పలికితే ఆ పోకు దగ్గర ఏదో తేడా ఉన్నట్టు. పెద్దాయన చెవిటివాడు కాబోతున్నాడు, అయినా వేలు మీద వచ్చే అదురుతో పట్టేస్తాడు.

"అద్దంలా రావాలనుకోవద్దు నాయనా. కడ్డీ బ్రేకు బండికి మిల్లీమీటరు ఆట పర్వాలేదు. పోకు ఊగులాడితేనే తెగతాది."

ఆయన మాట ప్రకారం మిల్లీమీటరు దగ్గర ఆపేశాను.

ఆగస్టు, రంగు

పౌడర్ కోటింగ్ చేయిస్తే ఒక్క రోజు పని. ఫ్రేమును ఇసుక కొట్టి, పొడి చల్లి, 180 డిగ్రీల పైన కాలిస్తే గట్టిగా నిలుస్తుంది. కానీ ఇసుక కొడితే 27 పోతుంది, గుద్దిన నంబరు కూడా పూతలో పూడుకుపోతుంది. రంగు తినే ద్రావకాలూ అంతే, ఎక్కడ ఆగాలో వాటికి తెలీదు. తడి ఎమెరీ కాగితంతో, నున్నటి నంబరువి తీసుకొని, పచ్చను, ఎరుపును చేత్తో గీకాను. నలుపు కనిపించిన చోట ఆపడమే పని అంతా. మడ్‌గార్డు మీద 27 కింద తెలుగు అక్షరాలు కూడా సగం వచ్చాయి, 'కిల్ షాపు' అన్న ముక్క చదవొచ్చు, అంగడి పేరు పోయింది. నలుపు మొత్తం లేచిపోయిన చోట్ల మాత్రం ఎర్ర ప్రైమరు, దాని మీద నల్ల ఎనామిల్ సన్నటి బ్రష్షుతో. దగ్గరికి వచ్చి చూస్తే అతుకులు తెలుస్తాయి. తెలియనీ. పైన ఫ్రేమంతా ఒక పొర వార్నీషు వేశాను.

సీటు తోలుకు ఆముదం. చెప్పులకు, బావి కపిల తోలుకు మనవాళ్ళు రాసిందే. అరచేతిలో కాస్త వేసుకొని కింది వైపు నుంచి రుద్ది ఎండ తగలని చోట ఉంచాలి. ఎక్కువైతే తోలు మెత్తబడి నడుమ జారిపోతుంది. ఒక చోట కుట్టు విడితే బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయన మైనం దారంతో వేసిచ్చాడు.

కడ్డీ బ్రేకుల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. లేని కడ్డీ వేరే బండిది తెచ్చి పొడవు కోసి మర వేయించాను. రబ్బర్లు కొత్తవి.

ఆగస్టు, బిగింపు

కొత్త కాటర్‌పిన్నులు అంగట్లో కొన్నట్టే దూర్చకూడదు. ఏటవాలు ముఖాన్ని ఆకురాయితో రుద్ది, దూర్చి, తీసి, ఇరుసు ఎక్కడ నొక్కిన గుర్తు పడిందో చూసి మళ్ళీ రుద్దాలి. రెండు పిన్నుల ఏటవాలు ఒకటిగా రాకపోతే పెడల్ కట్టెలు ఒకే గీతలో నిలవవు, తొక్కుతుంటే ఒక కాలు ముందుగా పోతున్నట్టు ఉంటుంది. రెండూ ఎదురుబొదురు దిక్కుల నుంచి దూర్చాలి. మీ వీధి బండ్లను గమనించండి, చాలావాటికి ఒక పెడల్ కాస్త తప్పి ఉంటుంది, కారణం ఇదే.

ముందు పళ్ళచక్రం 48 పళ్ళు, వెనక ఫ్రీవీలు 18. పెడల్ ఒక చుట్టుకు బండి 6 మీటర్లు పోతుంది. చదును రోడ్డులో హాయి. మన ఊళ్ళో రైల్వే స్టేషను దగ్గర నుంచి కొండ వైపు ఎటు పోయినా ఎక్కుడే, కపిలతీర్థం చేరేలోపు తెలుస్తుంది. 22 పళ్ళ ఫ్రీవీలు వేశాను, ఇప్పుడు చుట్టుకు 4.9 మీటర్లు. గొలుసు ఒక అంగుళం ఎక్కువ పట్టింది. పాతకాలం బండికి పళ్ళు మార్చావేం అని పెద్దోడు ఎత్తిపొడిచాడు. నేను తొక్కేది ఇప్పుడు, నా మోకాళ్ళతో. 18ది నూనె గుడ్డలో చుట్టి పెట్టాను, కావాలంటే వాడే వేసుకుంటాడు.

సెప్టెంబరు

చంద్రగిరి కోట దాకా పోయి వచ్చాను, తెల్లవారుజామున, లారీలు మొదలు కాకముందు. బండి తిన్నగా పోతోంది. ఒక చేయి వదిలినా హ్యాండిల్ ఊగడం లేదు. బరువు మాత్రం దాచలేం, ఎక్కుడులో లేచి తొక్కాల్సిందే. కోట దగ్గర టీ తాగుతుంటే ఒక ముసలాయన మడ్‌గార్డు చూసి, "బాడుగకిస్తారా?" అని నవ్వాడు.

తిరుగు దారిలో సన్నగా చినుకులు. తడి క్రోము రిమ్ము మీద రబ్బర్లు పట్టవని విన్నదే, చేత్తో చూడడం వేరు. బ్రేకు పిండినా ఒకటి రెండు చుట్లు చక్రం దాని పాటికి అది పోతోంది, నీళ్ళు తుడుచుకున్నాకే పట్టు వస్తోంది. ఈశాన్య వానలు మొదలయ్యాక దీన్ని బజారులోకి తీయను.

ఇంటికొచ్చి కాటర్ నట్లు చూస్తే రెండూ ఇంకో పావు చుట్టు బిగించాల్సి వచ్చింది. కొత్త పిన్నులు తొలి ప్రయాణాల్లో సర్దుకుంటాయి, చూసుకోకపోతే వదులై ఇరుసునే తినేస్తాయి. వెనక చక్రంలో ఎడమ వైపు మూడు పోకులు సడలాయి, మీటితే తెలిసింది, సరిచేశాను.

మిగిలింది డైనమో, గొలుసు కవరు. డైనమో 6 వోల్టులు, 3 వాట్లది దొరికింది, టైరుకు ఆనించే సీసా రకం. ముందు దీపానికి 2.4, వెనక ఎర్రదానికి 0.6 వాట్లు. తీగ ఒక్కటే లాగి, రెండో దారి ఫ్రేము ద్వారానే పోతుంది కాబట్టి బిగింపు దగ్గర నా కొత్త ఎనామిల్ గీకాలి. గొలుసు కవరు సగం రకం, చిత్తూరులో ఒక పాత సామాను అంగట్లో ఉందని పెద్దాయన కబురు తెచ్చాడు. దాని బిగింపు రంధ్రాలు మన బీబీ కప్పు రింగుకు సరిపోతాయో లేదో తేల్చుకోవడానికి కొలతలు రాసుకొని, వచ్చే ఆదివారం పాకాల మీదుగా రైల్లో పోతున్నాను.